ఆగిపోయే బండి

రిటైరైన జడ్జిగారి గోల్ఫ్ బండి ఈ వారంలో నాలుగోసారి దారిలో ఆగిపోయింది. క్లబ్బు షెడ్డులో సీటు పైకెత్తి చూసిన మెకానిక్ పెదవి విరిచాడు.

"ఈ బ్యాటరీలు వేసి ఆరేళ్లయిందమ్మా. పక్కలు ఉబ్బిపోయాయి. రాత్రంతా చార్జింగ్ పెట్టినా సగం దారి రావట్లేదంటే ఇక వీటి పనైపోయినట్టే. అన్నీ ఒకేసారి మార్చెయ్యాలి."

బండి నడిపే జడ్జిగారి భార్య బయటికి తొంగిచూసి గొంతు తగ్గించింది.

"ఇంకో నెల ఆగు నాయనా. రోజూ అరగంట నడవమని డాక్టరు మొత్తుకుంటున్నా ఈయన చెవిన పెట్టరు. బండి ఆగితేనే, విసుక్కుంటూనైనా ఇంటిదాకా నడుస్తున్నారు. నేను వద్దన్నానని ఆయనకి తెలియనివ్వకు."

మెకానిక్ నవ్వాపుకుని సరేనన్నాడు.

సాయంత్రం జడ్జిగారే షెడ్డుకి వచ్చారు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"బ్యాటరీలు ఎలా ఉన్నాయోయ్?"

జన్మంతా దొంగసాక్షుల్ని పట్టుకున్న మనిషి ముందు అబద్ధమాడడానికి అతనికి నోరు రాలేదు. "మార్చాలండీ," అనేశాడు.

"అది నాకు పోయినేడే తెలుసు. మార్చకు."

మెకానిక్ తెల్లబోయాడు. జడ్జిగారు కాస్త సిగ్గుపడ్డారు.

"బండి నడుస్తున్నంతసేపూ ఆవిడ చూపంతా దారి మీదే. పలకరించినా పలకదు. అదే బండి ఆగిందనుకో, నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా కబుర్లే. అలిసిపోయినట్టు కాస్త నటించానంటే, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది."