రాజీ పడని రాజ్యం

“పేరు తీయనండి,” అంది రాజ్యం.

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ కనుబొమ మీద ఏడు కుట్లున్నాయి. వాపు చెంప దాకా దిగింది. గొంతులో మాత్రం వణుకు లేదు.

“ఇంకోసారి ఆలోచించండమ్మా. కుర్రాడు ఆర్మీకి సెలెక్టయ్యాడు. పదో తారీఖున రిపోర్టు చేయాలి. కేసుందంటే వెరిఫికేషన్‌లోనే ఆగిపోతుంది.”

“తెలిసే చెప్పానండి.”

కొత్తపేటలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుకునే రాజ్యానికి ఇరవై ఏళ్ళుగా ఇంకో పని కూడా ఉంది. అన్యాయం అనిపించిన చోటల్లా అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి, పట్టుకుని నిలబడుతుంది. సరిహద్దులో యుద్ధం మొదలైన వారానికి మరో పదిమందిని వెంటేసుకుని బస్టాండు సెంటర్లో నిలబడింది. అట్ట మీద ‘యుద్ధం ఆపండి’ అని రాసుంది.

సరిగ్గా అప్పుడే అవతలి వైపు నుంచి భవానీదేవి ర్యాలీ వచ్చింది. భవానీదేవి మాజీ ఎంపీటీసీ. ఆ పదవికి పోటీలో ఓడిపోయింది రాజ్యమే. ఓడించి ఊరుకోలేదు భవానీదేవి. గెలిచిన ఊరేగింపును పనిగట్టుకుని రాజ్యం షాపు ముందు గంటసేపు ఆపి డప్పులు కొట్టించింది. ఎనిమిదేళ్ళయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

“మన పిల్లలు అక్కడ రక్తం ధారపోస్తుంటే ఇక్కడ ఈ దేశద్రోహులు అట్టలు పట్టుకు నిలబడ్డారు,” అంది భవానీదేవి మైకులో. “మా ఇంటి బిడ్డ కూడా వెళ్తున్నాడు. నా చేత్తో బొట్టు పెట్టి పంపుతాను.”

ర్యాలీ జనం ఈలలు వేశారు. అందులోంచి ఒక రాయి వచ్చింది. రాజ్యం అట్టతో సహా కూలిపోయింది.

ఆ రోజు ఆస్పత్రిలో పోలీసులు అడిగితే, “జనంలోంచి వచ్చిందండి, ఎవరో చూడలేదు,” అని చెప్పింది.

మూడో రోజు తనే స్టేషనుకు నడిచి వెళ్ళి పేరు చెప్పింది. గోపీకృష్ణ. భవానీదేవి ఒక్కగానొక్క కొడుకు.

అతను కాదనలేదు. “బెదిరిద్దామని విసిరేనండి. తగుల్తుందనుకోలేదు,” అని ఎస్సై ముందు తల వంచుకున్నాడు. స్టేషన్ బెయిలు ఇచ్చి పంపారు.

ఊరికి విషయం అర్థమైంది. మొదటి రోజు చూడని మనిషికి మూడో రోజు ఎలా కనపడింది? ఆర్మీకి వెళ్ళే కుర్రాణ్ణి ఆపడానికి ఇదే అదనని తోచి ఉంటుంది. ఎనిమిదేళ్ళ కసి ఊరికే పోతుందా అనుకున్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం భవానీదేవి నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. వీధి వీధంతా చూడ్డానికి చేరింది.

“రాజ్యం గారూ, కోపముంటే నన్ను కొట్టండి. నా బిడ్డ బతుకు పాడుచెయ్యకండి,” అంటూ మోకాళ్ళ మీద కూలబడింది.

ఇలాంటి రోజు రావాలని రాజ్యం ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. ఇప్పుడు మాత్రం మిషను ఆపలేదు.

“కోర్టులో మాట్లాడుకుందామండి.”

“వాడు చిన్నప్పట్నించీ ఆ యూనిఫాం మీదే ఆశపెట్టుకున్నాడండి.”

“రాయి తీసినప్పుడు గుర్తుండాల్సింది.”

భవానీదేవి లేచింది. గుప్పెడు మట్టి తీసి షాపులోకి విసిరింది. కుట్టి మడతపెట్టిన జాకెట్ల మీద పడింది మట్టి. “నువ్వు నాశనమైపోతావు. నువ్వసలు ఆడదానివేనా?” అంటుంటే పెద్దమనుషులు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

సాయంత్రానికి ఆరుగురు వచ్చి, కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు. ఏడోవాడు త్రిమూర్తులు. రాజ్యం నిలబడ్డ ప్రతిచోటా పక్కన అట్ట పట్టుకుని నిలబడే మనిషి.

“అక్కయ్యగారూ, మనం నిలబడింది వాళ్ళ పిల్లల కోసం కూడా కదండీ. కుర్రాడు తప్పు చేసేడు, ఒప్పుకున్నాడు. వదిలెయ్యండి.”

“వదలను తమ్ముడూ.”

“ఊరందరికీ శాంతి అని చెప్పి, మన దాకా వచ్చేసరికి పగ తీర్చుకుంటే రేపు మన మాట ఎవరు వింటారండీ?”

“వినకపోతే పోనీ.”

“అయితే నేనింక రానండి.”

రాజ్యం సూదిలోకి దారం ఎక్కిస్తూ, “నీ ఇష్టం,” అంది.

ఆ ఆదివారం సెంటర్లో ఆమె ఒక్కతే నిలబడింది. కుట్ల మీద చెమట కారి మండుతోంది. ఆటోలో పోతున్నవాడెవడో తల బయటపెట్టి, “శాంతమ్మగారూ, ఇంకెవరి మీద కేసు పెడతారండీ?” అన్నాడు. ఆటోలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

పదో తారీఖు వచ్చింది. ఊళ్ళోంచి సెలెక్టయిన మిగతా ఇద్దరు కుర్రాళ్ళు మెడలో దండలతో బస్సెక్కారు. గోపీకృష్ణ గదిలో తలుపేసుకుని అన్నానికి కూడా లేవలేదు. భవానీదేవి మాత్రం వాళ్ళిద్దర్నీ సాగనంపడానికి వచ్చి మైకు పట్టుకుంది.

“నా కొడుకు కూడా ఈ బస్సులో ఉండాల్సింది. ఒక తల్లి ఉసురు పోసుకున్న మనిషి ఈ ఊళ్ళోనే ఉంది. మర్చిపోకండి.”

ఆ మాటలు షాపు దాకా వినపడ్డాయి. సెంటర్ నుంచి వస్తున్న త్రిమూర్తులు సైకిలు దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“సంతోషమేనా అక్కయ్యగారూ? వాడు వెళ్ళలేదు.”

“వెళ్ళలేదు కదా,” అంది రాజ్యం. “అది చాలు.”

అతను మొహం తిప్పుకుని సైకిలెక్కాడు. ఇరవై ఏళ్ళ స్నేహితుడు మలుపు తిరిగేదాకా చూసి, ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

రాయి తగిలిన మూడో రోజు తెల్లారుతూనే పెరటి తలుపు తట్టి, “రాయి వేసింది మావాడేనండి, నేను వద్దంటే ఆర్మీకి వెళ్ళకుండా ఆగడండి, ఊరి ముందు వద్దని అనలేను కూడా, మీరే వాడి పేరు చెప్పి ఎలాగైనా ఆపండి,” అని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తూ రాజ్యం చేతులు పట్టుకున్నది భవానీదేవే.