ఆర్పకూడని పొయ్యి

కోనసీమ నేల కింద గ్యాసు మరీ ఎక్కువగా దొరికి ధర పడిపోయాక, ఇళ్ళల్లో పొయ్యి ఆర్పకూడదన్న రూలు వచ్చింది. వరహాలమ్మ మాత్రం రోజూ తినేశాక ఆర్పేసేది. ఆర్పితేనే గ్యాసు ఆఫీసు నుంచి సునంద ఫోన్ చేస్తుంది. ఆ ఇంటికి వచ్చే ఫోన్ అదొక్కటే.

“మళ్ళీ ఆర్పేశారా మామ్మగారూ? ఇక్కడ గ్యాసు కొనేవాళ్ళు లేక మేం చస్తుంటే!”

“ఒక్కదాన్ని, ఎంతని వండనే? నువ్వు తిన్నావా?”

“తిన్నానండి. రేపట్నుంచి మీకీ గొడవ లేదు. ఆరిపోతే ఇక్కణ్ణుంచే మేం వెలిగించేస్తాం.”

“మరి ఫోన్ చెయ్యవా?”

“ఇంకెందుకండీ!” అని నవ్వింది సునంద.

మర్నాడు వరహాలమ్మ పొయ్యి ఆర్పింది. అది మళ్ళీ వెలిగింది. చెంబుడు నీళ్ళు కుమ్మరించి, వచ్చి ఫోన్ పక్కన కూర్చుంది. కాసేపటికి వంటింట్లో మంట భగ్గున లేచిన చప్పుడు వినిపించింది.