పెర్కిట్ ఇంటి కాగితాలు

“కాయితాలు ఇంకొకల సందుగల ఉంటే, ఇల్లు గుడ వాళ్లదైతదా బిడ్డా?”

కుర్చీ చూపించినా కూర్చోకుండా భూమయ్య అడిగిన మొదటి మాట అది. ఆయనది వేల్పూర్, పసుపు రైతు. ఆర్మూర్ కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు మీదున్న వినీత ఆఫీసుకు మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు.

“కాదు కాకా. కాయితాలు ఎవరి తాన ఉన్నా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుంటే ఇల్లు వాళ్లదే. జర కూసోండ్రి.”

అప్పుడు కూర్చున్నాడు, పెద్ద బరువేదో దించుకున్నట్టు.

“ఇంతకు ఇల్లెవరిది?” అంది వినీత.

“మనోళ్లల్ల ఒకలది. పెర్కిట్ల ఉన్నది. పేరు మాత్రం అడుగకు, ఇజ్జత్ ముచ్చట.”

వినీతకు నవ్వొచ్చింది. వకీలుగా బోర్డు కట్టి రెండేళ్లయింది. ఇంతవరకు ఒక్కరూ తమ కష్టం చెప్పుకోవడానికి రాలేదు. వచ్చినవాళ్లంతా దోస్తుల కష్టాలు మోసుకొచ్చినవాళ్లే! ఆమె అర్థమైనట్టు తలూపి, డైరీలో ‘భూమయ్య, పెర్కిట్ ఇల్లు’ అని రాసుకుంది.

“కాయితాలు ఎట్ల చేతులు మారినయ్?”

“ఆరేండ్ల కింద పసుపు ధర పడిపోలే? గప్పుడు ఇయ్యాల్సినోనికి ఇయ్యనీకె పైసల్లేవు. బదులు ఇంటి కాయితాలు చేతుల పెట్టిండు. రెండేండ్లల్ల మిత్తితోని సహా తీర్చిండు. కాయితాలు మాత్రం మర్లలే.”

“నాలుగేండ్ల సంది అడగలేదా?”

“ఎట్ల అడుగుతరు? మా పసుపు మార్కెట్ యార్డుల నమ్మి ఇచ్చింది నోరు తెరిచి అడిగితే, నీ మీద నమ్మకం పోయిందన్నట్టు.”

“మరి పెట్టుకున్నాయన తనంత తాను ఇయ్యొద్దా?”

“ఇచ్చిండనుకో, ఇగ నీకు నాకు లావాదేవీ బందన్నట్టు. గందుకే సోంచాయించుకుంట కూసున్నడు. మనిషి మంచోడే బిడ్డా.”

“మంచోడు నాలుగేండ్లు కాయితాలు తొక్కిపెడతడా?”

భూమయ్య నేలచూపులు చూశాడు. ముంచినవాణ్ని కూడా వెనకేసుకొచ్చే ఈ అమాయకుణ్ని చూస్తే వినీతకు జాలి, దాని వెనకే కోపం వచ్చాయి.

“పెట్టుకున్నోడు సచ్చిపోతే ఏమైతది?” భూమయ్య గొంతు తగ్గించి అడిగాడు.

“ఇల్లయితే పోదు. గని ఆయన పిల్లలు కాయితాలు మా ఇంట్ల దొరికినయ్, మావే అని కూసుంటే, కోర్టు చుట్టూ తిరుగుడు తప్పదు.”

“మరి బ్యాంకోళ్లు? ఇంటాయన ఇంటి మీద రెండు అర్రలు ఏసుకుందామని లోన్‌కు పెట్టిండు. సోమారం ఆఖరు. జిరాక్స్ నడ్వదా?”

“నడ్వదు. అసలు కాయితాలు లేకుంటే లోన్ రాదు.”

“గట్లయితే అర్రలు లేవన్నట్టే,” అని భూమయ్య నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పుతో వినీత ఓపిక అయిపోయింది.

“మీ పసుపు ఎవరి ఆడ్తిల అమ్ముతరు కాకా?”

“ప్రహ్లాద్ సావుకారి తాన. ముప్పై ఏండ్ల సంది గాయనే కమీషన్ మీద అమ్మి పైసలిస్తడు.”

దొంగ దొరికాడు. వినీత నల్లకోటు తొడుక్కుంది.

“నడువుండ్రి, ఇప్పుడే పోదాం.”

“నేను గుడ గదే అడుగుదామని వచ్చిన. ఒక్కణ్ని పోతే ముఖం చెల్లదు. గని సావుకారిని ఏమనకు బిడ్డా.”

మార్కెట్ యార్డులో ప్రహ్లాద్ దుకాణం ముందు పసుపు కుప్పలు పోసి ఉన్నాయి. గద్దె మీద కూర్చున్న ప్రహ్లాద్ నల్లకోటును, దాని వెనక భూమయ్యను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.

“భూమన్నా... వకీలును తోల్కొచ్చినవా?”

మాట తడబడింది. తప్పు చేసినవాడి మొహం ఇలాగే ఉంటుందని వినీత తీర్మానించుకుంది. భూమయ్యేమో చెప్పులు విడవడంలోనే ఉండిపోయాడు.

“సావుకారీ, ఒక్కటే మాట. ఇంటి కాయితాల మీది అప్పు తీరిందా, లేదా?”

“తీరింది మేడం. నాలుగేండ్లాయె.”

“మరి కాయితాలు ఇంటాయనకు చేరాలె గదా?”

“చేరాలె.” ప్రహ్లాద్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “గని ఆ ముచ్చట మేం ఎన్నడు ఎత్తలే. భూమన్న ఏమనుకుంటడో అని...”

“ఏమనుకోడు! కుదువ సంగతి ఎక్కడా రిజిస్టర్ కాలేదు. ఒక్క రసీదు మీద ఇద్దరు సంతకాలు పెడితే అయిపాయె. నాలుగేండ్ల లొల్లి నాలుగు నిమిషాలల్ల తెగుతది.”

నిలబడే తెల్లకాగితం మీద రాసింది. మొదటిసారి ఒక బీదవాడి ఇల్లు నిలబెడుతున్నానని ఆమె గుండె పొంగిపోతోంది. రాసింది గట్టిగా చదివింది, చుట్టుపక్కల ఆడ్తులకు కూడా వినబడేలా.

“అప్పు పూర్తిగా తీరినందున, ప్రహ్లాద్ వద్ద ఉన్న ఇంటి అసలు కాగితాలు ఈ రోజు భూమయ్యకు ముట్టినవి.”

ప్రహ్లాద్ నోరు తెరిచాడు. ఆమె పెన్ను చేతికిచ్చింది. అతను పెన్నును చూశాడు, ఆమెను చూశాడు, ఆఖరికి భూమయ్యను చూశాడు.

“వచ్చే పంట గుడ నీ తాన్నే పోస్త సావుకారీ, ఫికర్ చెయ్యకు,” అన్నాడు భూమయ్య. ఆ ఒక్క మాటకు ప్రహ్లాద్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

భూమయ్య అంగీ లోపల చెయ్యి పెట్టి, మడతలు పడిన ప్లాస్టిక్ కవరొకటి తీసి గద్దె మీద పెట్టాడు.

“పేర్లు తిర్లమర్ల రాసినవ్ బిడ్డా, ఇల్లు సావుకారిది.”