మళ్లీ చెప్పండి

"క్యాన్సిల్ చేశానండీ! ఎన్ని మెసేజ్‌లు పెట్టినా పలకరే. తీసుకెళ్లిపోండి," అంది లీలాకుమారి, ఫిల్మ్ నగర్ ఫ్లాట్ తలుపు సగమే తెరిచి.

కొరియర్ తిరుమలేశ్ పెట్టె దించాడు. దాని మీద ఉయ్యాల బొమ్మ. "గట్ల తీస్కపోరాదు మేడమ్. జర కంపెనీకి ఫోన్ చెయ్యుండ్రి."

"ఫోన్ మాత్రం చెయ్యలేను."

"గీడనే నంబరున్నది," అంటూ తనే కలిపి స్పీకర్ పెట్టాడు.

"నమస్కారం! అమ్మ కాబోతున్న మీకు మా శుభాకాంక్షలు!" ఫోన్‌లో ఓ ఆడగొంతు నవ్వుతూ పలికింది.

తిరుమలేశ్ తలెత్తి ఆమెను చూశాడు. "మీ గొంతే గదా మేడమ్!"

"డబ్బింగ్ చెబుతానండీ. ఈ రికార్డింగ్ చెప్పినప్పుడు నాకు అయిదో నెల. తర్వాత నిలవలేదు."

"వాపసుకు కారణం చెప్పండి," అంది ఫోన్, అదే నవ్వుతో.

లీలాకుమారి నోరు తెరిచి, మూసేసింది.

"క్షమించండి, మీ మాట వినపడలేదు. మళ్లీ చెప్పండి."

తిరుమలేశ్ గబుక్కున ఫోన్ కట్టేసి, పెట్టె భుజానికెత్తుకున్నాడు. "ఇంట్ల ఎవ్వరు లేరని రాస్త మేడమ్."

"అయితే ఇక రాదుగా?"

అతను మెట్ల వైపు తిరిగాడు. "గట్ల రాస్తే రేపు మళ్ల నేనే తేవాలె."