నువ్వు గెలిచేదాకా

జొన్నాడ దగ్గర లారీ గుద్ది పోయిన హేమంత్‌కి పదో రోజున పిండం పెడితే కాకి ముట్టలేదు.

"ఏదో తీరని కోరికుందండీ. ఎవరైనా మాటివ్వండి," అన్నారు పంతులుగారు.

అక్క సత్యదుర్గ చేతులు జోడించింది. "నువ్వు గెలిచేదాకా నీతో గిటార్ ఆట ఆడతాన్రా తమ్ముడూ."

కాకి వాలింది.

హేమంత్ కువైట్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ అది. టీవీలో పాట వస్తూ రంగు చుక్కలు జారుతుంటే, వాటికి సరిగ్గా ప్లాస్టిక్ గిటార్ మీద బటన్లు నొక్కాలి. అక్క మీద వాడు ఒక్కసారీ గెలవలేదు.

ఆ రాత్రి గదిలో ఒంటరిగా కూర్చుని ఆమె ఆట మొదలుపెట్టింది. వాడి గిటార్, బ్యాటరీలు తీసేసి, మంచం మీద ఉంది. పాట మొదలవగానే మంచం మీంచి టకటకమని బటన్ల చప్పుడు వినిపించింది. టీవీలో రెండో ఆటగాడి పాయింట్లు పెరుగుతున్నాయి.

ఆమెకి ఒళ్ళు జలదరించింది. అయినా ఆడింది. మొదటి మూడు పాటలూ అలవాటుగా ఆమే గెలిచింది. నాలుగో పాట సగంలో ఆమె మంచం వైపు తిరిగింది.

"గెలిచెయ్యరా నాన్నా, ఇంక హాయిగా వెళ్ళిపో," అంటూ బటన్ల మీంచి వేళ్ళు తీసేసింది.

వాడి పాయింట్లు ఆమెని అందుకున్నాయి. ఇంకొక్క చుక్క నొక్కితే వాడిదే గెలుపు.

మంచం మీద చప్పుడు ఆగిపోయింది. టీవీలో చుక్కలు జారుతూనే ఉన్నాయి, వాడు ఒక్కటీ నొక్కలేదు.