కడియం ఊడిన ఉదయం

నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెతో డ్రైవరు పైడిరాజు తల పగలగొట్టినందుకు నూకరత్నాన్ని కోర్టుకు లాగలేదు. కొట్లాట కేసుల్లో అందరికీ వేస్తున్నట్టే, గొంతును బట్టి కోపాన్ని పసిగట్టే కడియం చేతికి వేసి వదిలేశారు పోలీసులు. గొంతు పెంచితే మాత్రం జైలే. ఈ పూటతో గడువు తీరిపోతుంది.

ట్యాంకరు దగ్గర వరుసలో పైడిరాజు కావాలనే ఆమెను దాటేసి, వెనకవాళ్లకు పైపు అందించాడు.

"ఏటి పిన్నీ, కోపమొస్తందా?"

నూకరత్నం అరచేతులు దురద పెట్టాయి. జోలపాట పాడే గొంతుతో, నవ్వుతూ అంది: "నీ నోట మన్ను పడ, నీ ట్యాంకరు తగలెట్ట, నాన్నా!"

కడియం తియ్యగా పలికింది. "మీలో చక్కని మార్పు వచ్చింది. కేసు కొట్టేశాం." టక్కున ఊడి చేతిలో పడింది.

నూకరత్నం దాన్ని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, కొంగు నడుముకు దోపి, బిందె అందుకుంది.

"ఇప్పుడడగరా!"