మైకులో ఒక్క మాట

"అమ్మాయిగారూ, మైకులో ఒక్క మాట చెప్పుకోవచ్చాండీ?"

శారోన్ టీచర్ వెనక్కి తిరిగింది. నలిగిన తెల్లచొక్కా, చేతిలో గుడ్డసంచి. ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన. అప్పుడే బస్సు దిగినట్టున్నాడు.

"ఇప్పుడు కాదండి తాతగారూ. రేపే యాత్ర. ఇక్కడ ఒక్క పనీ తెమల్లేదు."

"ఆయ్. పర్లేదండి, ఉంటాను."

ఆమెకి ఊపిరాడటం లేదు. ఈ హైస్కూలు పూర్వ విద్యార్థులు తెల్లారేసరికి దిగుతారు. రాజోలు నుంచి హైదరాబాదు దాకా సైకిళ్ళ మీద వెళ్తూ, దారిపొడవునా చందాలు పోగుచేస్తారు. ఆ డబ్బుతో లంక గ్రామాల ఆడపిల్లలకు సైకిళ్ళు కొంటారు.

యాత్ర వాళ్ళకి చదువు చెప్పిన సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారి జ్ఞాపకార్థం. ఆయన పోయారన్న కబురు నిరుడు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. క్షణాల్లో గ్రూపంతా దండాల బొమ్మలతో నిండిపోయింది. బాధపడనివాడు లేడు, వెళ్ళి చూసొచ్చినవాడూ లేడు. ఫ్లెక్సీకి మాస్టారి ఫొటో కావాలంటే ఎవరి దగ్గరా లేక, దీపం బొమ్మ వేయించి సరిపెట్టారు.

పెద్దాయన ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ వచ్చాడు.

"ఒక్క మాటేనండి."

శారోన్‌కి విసుగొచ్చింది. మైకు దొరికితే వదలని పెద్దలను ఆమె బోలెడుమందిని చూసింది. ఒక్క మాటంటారు, మహాభారతం మొదలుపెడతారు. అందుకే కుర్చీ వేయించి, కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చింది. మర్యాదకు మర్యాద, పనికి పని.

ఇంతలో ఫోను మోగింది. యాత్రకు పెద్ద తలకాయ జయప్రకాష్, హైదరాబాదు నుంచి. చేతులు ఖాళీ లేక ఆమె స్పీకరు నొక్కింది.

"టీచర్ గారూ, మావాళ్ళు పోటీలు పడి ఇస్తున్నారండి! బతికుండగా మాస్టార్ని చూసిన పాపాన పోలేదు. ఇప్పుడైనా ఆయన రుణం కొంత తీర్చుకుందామని."

ఫోను పెట్టేశాక పెద్దాయన నెమ్మదిగా అడిగాడు.

"ఆయన పోయేరనేనా అమ్మా, ఇంతమంది ఇస్తున్నది?"

"మరేనండి. అంతకుముందు ఎంత అడిగినా ఒక్కరు కదల్లేదు. మనిషి బతికుంటే రేపు చూద్దాంలే అనుకుంటారు కదండీ."

"ఆయన్ని మీరు చూసేరా?"

"లేదండి. మాది అమలాపురం. ఈ మధ్యనే ఇక్కడికి బదిలీ అయ్యేను. మీకు బాగా తెలుసా?"

"ఆయ్. తెలుసండి. ఒట్టి కోపిష్టి మనిషి."

అంత మంచి మాస్టారిని పట్టుకుని అలా అంటాడేమిటని శారోన్‌కి చిరాకేసింది. లేచి వెళ్ళిపోయింది.

మైదానంలో వెంకటదుర్గ అనే పిల్ల శారోన్ సైకిలు మీద వంకర్లు తిరుగుతోంది. ఇక పడిపోతుందనగా పెద్దాయన గబగబా వెళ్ళి సీటు పట్టుకున్నాడు.

"ఏ ఊరమ్మా?"

"లంకండి తాతగారూ. పడవ దిగి నడిచొస్తానండి. పది పాసయ్యేను."

"మరి కాలేజీ?"

"దూరం కదండీ. నాన్న వద్దంటున్నారు. సైకిలొస్తే పంపుతానన్నారండి." పిల్ల గొంతు తగ్గించింది. "నిజంగా ఇస్తారాండీ? మధ్యలో ఆగిపోదు కదా?"

ఆయన ఫ్లెక్సీ వైపు చూసి, ఆ పిల్ల తలమీద చెయ్యి వేశాడు.

"ఆగదమ్మా. ఎందుకాగుతుంది?"

పొద్దు వాలేసరికి పనులు ఓ కొలిక్కి వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో ఏమో, విసుక్కున్నానే అని శారోన్ మనసు చివుక్కుమంది.

"తాతగారూ, రాత్రికి మా ఇంట్లో ఉండండి. రేపు అందరి ముందూ మొదట మీరే మాట్లాడుదురు గాని."

"ఎందుకులేమ్మా. చెబుదామనుకున్న మాట కాస్తా మర్చిపోయేను. వయసు కదా." ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. "పిల్లల్ని లారీల పక్కన జాగ్రత్తగా వెళ్ళమను."

చీకటిపడకుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న డప్పులు మోగాయి. తలలు నెరిసిన పూర్వ విద్యార్థులు చిన్నపిల్లలైపోయి బెల్లులు కొడుతూ కదిలారు. "మాస్టారు అమర్ రహే!" అన్న కేకలతో రోడ్డు దద్దరిల్లింది. వెంకటదుర్గ వంతెన దాకా వాళ్ళ వెనక పరుగెత్తింది. ఆ సంబరం చూస్తుంటే శారోన్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు.

చివరి సైకిలు మలుపు తిరిగాక ఫోను మోగింది. కొత్త నెంబరు, ఎవరో ఆవిడ.

"శారోన్ టీచర్ గారాండీ? పార్వతీపురం నుంచండి. వాట్సాప్‌లో వచ్చిన పాంప్లెట్ మీద మీ నెంబరు చూసేను. నిన్న మా నాన్నగారు మీ దగ్గరికి వచ్చేరు కదండీ. ఇందాకే ఇంటికి చేరేరు. మైకులో చెప్పేరా నాన్నా అని అడిగితే నవ్వుతున్నారు తప్ప బదులివ్వట్లేదు."

"ఒక తాతగారు వచ్చేరండి. ఒక్క మాటన్నారు గాని, చెప్పకుండానే వెళ్ళిపోయేరు. ఏమిటండీ ఆ మాట?"



"ఆ వాట్సాప్ కబురు అదే పేరున్న ఇంకెవరిదోనండి. 'నేను పోలేదర్రా, మీ సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు ఇదిగో ఉన్నారు' అని చెప్పొస్తానని బయల్దేరేరండి."